సువర్చల చేతిలో చెంబు

లింగయ్య తిరిగొచ్చాడని ఈరమ్మ చెప్పినప్పుడు నేను రొట్టె తడుతున్నాను. నా చేతుల మధ్యే అది రెండు ముక్కలైంది. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగుల వెనక సందులో పదకొండేళ్లుగా జొన్నరొట్టెల బండి పెట్టుకున్నాను. కిష్టమ్మ చేతిలో రొట్టె పగిలిందన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. ఆ ముక్కల్ని ఎత్తి పక్కన పడేశాను. వాడి పేరు విన్న పిండి మళ్లీ ఒకరికి పెట్టబుద్ధి కాలేదు.

"ఎవడు? ఆ లింగయ్యేనా?" అన్నాను.

"ఇంకెంతమంది ఉన్నరు పెద్దమ్మా నాకు?" అని ఈరమ్మ నవ్వింది.

నలభై నాలుగేళ్ల మనిషి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా నవ్వుతోంది. అదీ ఎవడి కోసం!

ఈరమ్మ మెదక్ దిక్కు నుంచి పెళ్లై బోరబండకు వచ్చింది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది. ఆమె మొగుడు లింగయ్య సెంట్రింగు పనివాడు. ఇప్పుడు నా బండి పక్కన ఎండకు మెరుస్తున్న ఈ బిల్డింగులకే అప్పట్లో చెక్కలు కొట్టాడు. బిడ్డ మమతకు నాలుగేళ్లప్పుడు, అదే పనిలో ఇసుక మోసే ఒకామెను వెంటబెట్టుకుని జహీరాబాద్ పోయాడు. పోతే పోయాడు, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క మంచాన్ని కూడా ఆటో మీద కట్టుకుని పోయాడు. ఆ రోజు బస్తీ అంతా చూసింది. నేను ఎన్నో చావులు చూశాను, కాన్పులు చూశాను, ఎన్నడూ నాకు అంత రోత పుట్టలేదు. పెళ్లాన్ని వదిలినవాళ్లు లోకంలో ఉన్నారు. పసిపిల్ల పడుకున్న మంచం మీంచి పిల్లను ఎత్తి నేల మీద పెట్టి, మంచం తీసుకుపోయినవాణ్ని నేను వీణ్నే చూశాను.

ఆ తర్వాత ఈరమ్మ ఇటుకలు మోసింది. తర్వాత ఈ పక్క బిల్డింగులో హౌస్ కీపింగులో చేరింది. పద్నాలుగేళ్లయింది, తొమ్మిదో అంతస్తు ఆమెదే. పెద్ద సార్లు మీటింగు పెట్టుకుంటే నీళ్లు ఈరమ్మే పెట్టాలి. వేరేవాళ్లు పెడితే గ్లాసుల మీద వేలిముద్రలు ఉంటాయట. ఈమె గ్లాసును అడుగున పట్టుకుని, తుడిచి, జగ్గు పక్కన బోర్లించి పెడుతుంది. "గ్లాసు బోర్లిస్తె తాగేటోనికి మర్యాద పెద్దమ్మా, మనకు దుమ్ము ఫికర్ ఉండది" అని ఒకసారి నాకే పాఠం చెప్పింది. ఆ జీతంతోనే రెండు గదులకు స్లాబు పోయించుకుంది. మమతను డిగ్రీ చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు గచ్చిబౌలిలో ఏదో ఆఫీసులో చేస్తోంది, బస్తీ మొగదల దాకా ఆఫీసు బస్సు వస్తుంది.

అంత కష్టపడి నిలబెట్టుకున్న ఇంట్లోకి ఇప్పుడు వాణ్ని రానిస్తానంటోంది.

"ఆమె పిల్లలు ఎల్లగొట్టిండ్రట. మోకాలు పోయిందట. ఆదివారం సంచి తెచ్చుకుంటనన్నడు" అంది ఈరమ్మ.

"మోకాలు పోయినంక నీ ఇంటి తొవ్వ యాదికొచ్చిందా? మమత ఏమన్నది?"

ఈరమ్మ రొట్టెను పప్పులో ముంచి ముంచి, నోట్లో పెట్టుకోకుండా కూర్చుంది. "ఆయన లోపటికొస్తె నేను బయటికి పోత అంటున్నది. నిజాంపేట హాస్టల్ల దోస్తు ఉన్నదట. బట్టలు గూడ సదురుకున్నది."

"ఇంకేంది మరి? బిడ్డ కావాల్నా, ఆ ముసలి పీనుగు కావాల్నా?"

"అట్ల అడగకు పెద్దమ్మా. ఇన్నేండ్లు నేను దేని కోసం కూసున్న? సువర్చల పడలేదా? నువ్వే చెప్తివి గద, కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నదని!"

నా చేయి పెనం అంచుకు తగిలి కాలింది. తడిగుడ్డ చుట్టుకున్నాను.

సువర్చల అంటే మనిషి కాదు. 'ఏడు గడపల కోడలు' అని పద్దెనిమిదేళ్ల కిందట టీవీలో ఓ సీరియల్ వచ్చేది. అందులో కోడలు. మొగుడు వేరే దానితో పోతాడు, ఈమె అత్తకు, మామకు, ఆడబిడ్డలకు, పాలేరుకు, చివరికి ఆ రెండోదాని తమ్ముడికి కూడా అన్నం వండిపెడుతుంది. పొయ్యి ముందు కూడా పట్టుచీరే. ఆరువందల రోజులు ఏడ్చింది, ఒక్కనాడు ముక్కు చీదింది లేదు. మొగుడు తిరిగొస్తాడా, వస్తే ఈమె ఏం చేస్తుంది, ఇదే గోల. సాయంత్రం ఏడు కొట్టేసరికి మా బస్తీలో నల్లా దగ్గర కూడా ఎవరూ ఉండేవాళ్లు కాదు.

ఆఖరి రోజున బోరబండలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. కరెంటు మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. బస్తీ మొత్తంలో ఆ ఆఖరి భాగం చూసినదాన్ని నేనొక్కదాన్నే, ఎందుకంటే అప్పుడు నేను మోతీనగర్లో శారదమ్మ గారింట్లో పని చేసేదాన్ని. ఆ ఇంట్లో సోఫా పక్కన కింద కూర్చుని చూశాను.

చూశాను అని అందరికీ చెప్పాను. అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. మొగుడు వాకిట్లోకి వచ్చాడు. సువర్చల లోపలికి పోయి చెంబు పట్టుకుని వస్తోంది. సరిగ్గా అప్పుడు శారదమ్మ "కిష్టమ్మా, పాలు!" అని అరిచింది. వంటింట్లోకి ఉరికాను. పొంగిన పాలు ఊది, మంట ఆర్పి, గట్టు తుడిచి వచ్చేసరికి టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. శారదమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఏమైందమ్మా అని అడిగితే నా నోరేమీ పడిపోదు. అడగలేదు. పనిమనిషికి కథ కూడా విడమరచి చెప్పాలా అన్నట్టు చూస్తుందేమోనని నాకు అభిమానం అడ్డొచ్చింది. ఆమె ఏడుస్తోంది కాబట్టి సువర్చల మొగుడి కాళ్లు కడిగే ఉంటుందని నాకు నేనే అనుకున్నాను.

మర్నాడు నల్లా దగ్గర ఇరవైమంది ఆడవాళ్లు నా చుట్టూ బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. అంతకు ముందు నన్ను ఎవరూ అలా చూడలేదు. చదువుకున్నవాళ్లను చూసినట్టు చూశారు. చూడలేదు అని ఏ నోటితో చెప్పను? చెప్పాను. కాళ్లు కడిగింది, ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంది, చేయి పట్టి లోపలికి తీసుకుపోయింది, ఉరిమింది, వాన పడింది అని చెప్పాను. వాన కూడా నేనే కురిపించాను.

లింగయ్య పోయి అప్పటికి రెండు నెలలు. ఈరమ్మ బిందె మీద గడ్డం ఆనించి విన్నది. "అయితే వస్తడన్నట్టు" అని, మొహం కడుక్కుని, నీళ్లు పట్టుకుని పోయింది. నేను దాన్ని పట్టించుకోలేదు. అందరి మెప్పు పొందుతున్న సంబరంలో ఉన్నాను.

ఇదంతా నా కడుపులో పెట్టుకుని ఆ రోజు బండి దగ్గర నిలబడ్డాను. ఇంతలో సుష్మ వచ్చింది. ఈ పక్క బిల్డింగులోనే కంప్యూటర్ ఉద్యోగం, భీమవరం పిల్ల. రోజూ రెండు రొట్టెలు తింటుంది. సువర్చల అన్న ఈరమ్మ మాట చెవిన పడింది దానికి.

"ఏడు గడపల కోడలా? అయ్యబాబోయ్, మా అమ్మకి ప్రాణమండి అది! అన్ని ఎపిసోడ్లూ ఫోన్లో దొరుకుతున్నాయి మామ్మగారూ. చూపించనా?"

"వద్దు. రొట్టె సల్లారుతది, తిను" అన్నాను.

"చూపించు బిడ్డా" అంది ఈరమ్మ. "ఒక్కసారి కండ్ల జూడాలె."

"చూసిందాన్ని నేను చెప్తి గదనే!"

"నువ్వు చూసినవ్ పెద్దమ్మా. నేను చూడలే గద."

దానికి నేనేం అడ్డం చెప్పను? సుష్మ ఫోన్‌ను పప్పు గిన్నెకు ఆనించి నిలబెట్టింది. ముగ్గురం వంగాం.

పద్దెనిమిదేళ్ల తర్వాత చూస్తే ఆ సీరియల్ ఎంత అధ్వాన్నంగా ఉందో! మొగుడి నెత్తిన తెల్లటి పొడి చల్లి ముసలివాణ్ని చేశారు, ఆ పొడి భుజాల మీద కూడా ఉంది. దగ్గుతూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సువర్చల వాణ్ని చూసింది. ఆమె మొహం ఎడమ నుంచి చూపించారు, కుడి నుంచి చూపించారు, ఎదురుగా చూపించారు. లోపలికి పోయింది, చెంబు తెచ్చింది, గడప మీద నిలబడింది. వాడు కాలు ముందుకు చాపాడు. కాలు, చెంబు, మొహం. కాలు, చెంబు, మొహం. బొమ్మ ఆగిపోయింది. శుభం అని పడింది.

"నీళ్లు సల్లుకునేది ఏది?" అంది ఈరమ్మ.

"అంతేనండి. అదే ఆఖరు" అంది సుష్మ. "కడిగిందో లేదో చెప్పలేదన్నమాట. ఎవరికి నచ్చినట్టు వాళ్లు అనుకోవాలి. మా అమ్మ కడగలేదనే అంటుంది, మా నాన్న కడిగింది అంటారు. ఇప్పటికీ ఇంట్లో గొడవే!"

"ఆరునూర్ల రోజులు మాతోని కండ్లు కాయలు గాయించి, ఆఖరికి మమ్మల్నే అనుకొమ్మంటరా? సిగ్గులేనోళ్లు!" అని నేను తిట్టాను. ఆ సీరియల్ వాళ్లను తిట్టినంతసేపు నా సంగతి అడగరని ఆశ.

"జర ఎన్కకు తిప్పు బిడ్డా" అంది ఈరమ్మ. మూడుసార్లు చూసింది. మూడోసారి ఆగిన బొమ్మ మీద వేలు పెట్టి, కళ్లు దగ్గరకు తెచ్చి, మీటింగు బల్ల మీద మరకలు వెతికినట్టు చాలాసేపు చూసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నువ్వు చూసినవా? చూడలేదా?"

వెనకాల రొట్టె మాడుతోంది. వాసన తెలుస్తున్నా తిప్పలేదు.

"చూడలే" అన్నాను. "పాలు పొంగితె లోపటికి ఉరికిన."

సుష్మ ఫోన్ తీసుకుని మెల్లగా జారుకుంది. తెలివిగల పిల్ల.

"మరి కాళ్లు కడిగిందని?"

"నేను అనుకున్న."

"వాన?"

"అది గూడ."

ఈరమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నా బిడ్డను సాదినట్టు ఆ మాటను సాదుకున్న పెద్దమ్మా. ముద్ద ముద్ద పెట్టి పెంచిన. మా తమ్ముడు వేరే సంబంధం తెస్తె, సువర్చల చేసుకున్నదా అని ఎల్లగొట్టిన" అంది.

"నేను వంద అంట. నమ్మమన్ననా నిన్ను?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. నేను ఎప్పుడూ లింగయ్య పేరు ఎత్తితే ఉమ్మేదాన్ని. ఆ రోజు ఉమ్మడానికి నా పేరే దొరికింది నాకు. రొట్టె అలాగే వదిలేసి ఈరమ్మ వెళ్లిపోయింది. శుక్రవారం రాలేదు, శనివారం రాలేదు.

ఆదివారం ఆఫీసులుండవు, నాకు బండి ఉండదు. పొద్దున్నే దానింటికి పోయాను. ఎవరూ పిలవలేదు. వాకిట్లో ఈరమ్మ గడప కడిగి పసుపు రాస్తోంది. వాడి కోసం పసుపు! లోపల మమత రెండు సంచులు జిప్పు వేసి పక్కన పెట్టుకుని ఫోన్ చూస్తోంది.

"వచ్చినవా అవ్వా? ఇయ్యాల ఏం కథ చెప్తవ్?" అంది ఆ పిల్ల. తల్లి చెప్పేసిందన్నమాట.

"చెప్ప. నోరు మూసుకొని కూసుంట" అన్నాను.

"నువ్వా?" అంది.

పదకొండింటికి వాడొచ్చాడు. ఆటో దిగి, గోనెసంచి భుజాన వేసుకుని, మోకాలు పట్టుకుని కుంటుతూ. ఇంత వయసొచ్చినా జుట్టుకు నల్లరంగు. రంగు చెమటకు కారి చెవి వెనక గీత పడింది. నోట్లో గుట్కా. వాకిలి మలుపులో ఎర్రగా ఉమ్మి, ఆ మూతితోనే నవ్వాడు.

"బాగున్నవా కిష్టమ్మక్కా?"

నోరు మూసుకుంటానన్న మాట అక్కడే పోయింది. "మంచమేది లింగయ్యా?" అన్నాను.

"ఏం మంచం?"

"పోంగ పట్కపోయినవు గద. ఒక్కనివే వస్తివి?"

లోపల మమత కిసుక్కున నవ్వింది. వాడికి వినపడనట్టు నటించి మెట్టు మీద కూలబడ్డాడు. చెప్పులు విడిచాడు. ఆ కాళ్లు! మడమలు బీటలు వారి, గోళ్లు పసుపుపచ్చగా వంకరలు పోయి, వేళ్ల సందుల్లో మురికి. పసుపు ఆరని గడప వైపు ఆ రెండు కాళ్లూ చాపి, అద్దెకు ఇచ్చిన ఇల్లు చూసుకుంటున్న యజమానిలా పైకప్పు కేసి చూశాడు.

"స్లాబు ఏసినవా? మంచిగున్నది. ఈరా, నీళ్లు తే."

మా దిక్కు ఇంటికొచ్చిన మనిషి కాళ్లకు నీళ్లిచ్చారంటే లోపలికి రమ్మన్నట్టే. ఆ తర్వాత పొమ్మనే హక్కు ఎవరికీ ఉండదు. అది వాడికి తెలుసు, అందుకే ముందు అదే అడిగాడు. ఈరమ్మ లోపలికి పోయింది. మమత లేచి రెండు సంచులూ చేత పట్టుకుంది. నేను తలుపు చెక్కను పట్టుకున్నాను.

ఈరమ్మ చెంబుతో వచ్చింది. గడప మీద నిలబడింది. వాడు కాలు ఇంకాస్త ముందుకు చాపాడు. నాకు ఆ ఫోన్లో బొమ్మే మళ్లీ చూస్తున్నట్టు అనిపించింది.

ఈరమ్మ వంగి చెంబును వాడి కాళ్ల దగ్గర పెట్టలేదు, చేతి దగ్గర పెట్టింది. అప్పుడు చూశాను, చెంబు మీద గ్లాసు బోర్లించి ఉంది.

"కాళ్లు దగ్గరికి తీస్కో, పసుపు అంటుతది" అంది. "గ్లాసుతోని ఎవరన్న కాళ్లు కడుగుతరా? తాగనీకె ఇచ్చిన. తాగు, తాగి పో."

వాడు గ్లాసు కేసి, ఆమె కేసి చూశాడు. "ఏందే ఇది? పరాయోని లెక్క నీళ్లిస్తున్నవ్?"

"పరాయోనికే గ్లాసుతోని ఇస్తరు. ఇంటోడైతె కుండల ముంచుకోని తాగుతడు."

"మొన్న రమ్మంటివి గద!"

"మొన్న అన్న. మొన్నటిదాంక నేను చూడలే."

"ఏం చూడలే?"

ఈరమ్మ చెంబును వాడి వైపు ఇంకాస్త జరిపింది. వాడు కాసేపు బిగుసుకుని కూర్చున్నాడు, లేచిపోతాడనుకున్నాను. పౌరుషం ఉంటే లేచేవాడే. ఒకటి కాదు, మూడు గ్లాసులు గుటగుటా తాగాడు. గుట్కా మూతి గ్లాసుకు అంటించి తాగాడు. ఆ చేత్తోనే మూతి తుడుచుకుని, "ఇంత అన్నం పెడతవా?" అన్నాడు.

"పెద్దమ్మ బండి రేపు ఉంటది. రొట్టెలు మంచిగుంటయి" అంది ఈరమ్మ.

"నా బండి దగ్గరికి వస్తె పెనం తోని కొడత" అన్నాను.

మమత సంచులు రెండూ కింద పెట్టి, తల్లి పక్కన గడపలో నిలబడింది. వాడు దాని మొహం కేసి చూశాడు. బిడ్డా అనబోయాడు కాబోలు, ఆ పిల్ల వాడి కళ్లలోకే చూస్తూ నిలబడింది. గోనెసంచి భుజాన వేసుకుని, ఆడవాళ్లకు టీవీలు చూసి బుర్ర చెడిందని గొణుగుతూ పోయాడు. మలుపులో మళ్లీ ఉమ్మాడు. ఆ మరకను మధ్యాహ్నం నేనే చీపురుతో కడిగాను. వాడి ఉమ్మి కడగాల్సి వచ్చిందని తిట్టుకుంటూనే కడిగాను. నేను చేసినదానికి ఆ మాత్రం చేయాలి.

వాడు పోయాక ఈరమ్మ ఆ గ్లాసును బూడిదతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు తోమింది. నేను పక్కన కూర్చున్నాను.

"సువర్చల చెంబు మీద గూడ గ్లాసుండె పెద్దమ్మా" అంది తోముతూనే. "ఇత్తడి గ్లాసు, బోర్లించి. పద్నాలుగేండ్ల సంది నీళ్లు పెడుతున్న, నాకు తెల్వదా? అది తాగెటందుకు తెచ్చింది. కాళ్లకు కాదు. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లకు కనపడలే, వాళ్లమ్మకు కనపడలే."

"నాకు గూడ కనపడలే" అన్నాను.

"నువ్వు పాల కాడ ఉంటివి."

మమత లోపల సంచుల్లోంచి బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెడుతున్న చప్పుడు. ఈరమ్మ గ్లాసును గూట్లో బోర్లించి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ నన్ను అలా చూడలేదు.

"ఇగ చెప్పు. ఇంకేమేం చూడకుంట చెప్పినవ్ మాకు?"

నాకు ఒళ్లు మండింది. అరవై ఎనిమిదేళ్లదాన్ని, నన్ను దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టి అడుగుతోంది. లేచిపోదామనుకున్నాను. కానీ గూట్లో ఆ గ్లాసు ఇంకా తడిగా ఉంది. కూర్చుని చెప్పాను. రెండు ఒప్పుకున్నాను. ఒకటి ఇంకో సీరియల్లో ఆడబిడ్డ చావు, ఇంకొకటి బోనాల రంగంలో పూనకమొచ్చిన ఆమె చెప్పిన జోస్యం. మూడోది ఒకటుంది. దాని గురించి ఈరమ్మ అడిగినప్పుడు చూసుకుంటాను.